మడమ కింద అయిదు పొరలు

అసలు ఈ పట్టీ ఎవరు కుట్టారండీ? తెలియక అడుగుతున్నా. ఒక్కసారి చూడండి మేడమ్, ఇదిగో, ఈ అంచు. తోలు ఇలా కోసింది కోసినట్టు వదిలేస్తారా ఎవరైనా? లోపలికి మడిచి కుట్టాలి. తొమ్మిదేళ్ల పిల్ల చర్మం అది, గేదె చర్మం కాదు. రాత్రి కాలికి కట్టిన స్ప్లింటు పొద్దున విప్పేసరికి పాదం మీద ఎర్రగా వాత తేలి ఉంటోంది. మా ఆవిడ మెత్తటి గుడ్డముక్క చుట్టి ఎలాగో నెట్టుకొస్తోంది.

తప్పుగా అనుకోకండి. మీరు పిల్లల కాళ్లకి వ్యాయామం నేర్పేవారు, ఇది మీరు కుట్టింది కాదని తెలుసు. స్ప్లింట్లు చేసే ఆయన కింది అంతస్తులో ఉంటాడనీ తెలుసు. నిజానికి ఆయన దగ్గరికే వెళ్లాలి. మీ దగ్గరికొచ్చాను. ఎందుకొచ్చానో చెప్తా, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి.

కూర్చోమంటారా? ఈ బల్ల మీదా? ఇది పిల్లల్ని పడుకోబెట్టేది కదండీ. సరే, అంచున కూర్చుంటా.

వాళ్లిద్దరూ బయట ఉన్నారు, మా పిట్టా, వాళ్లమ్మా. మా ముందు ఇంకా ముగ్గురున్నారని చీటీలిచ్చే అతను చెప్పాడు. "స్ప్లింటు పట్టీ సంగతి మాట్లాడొస్తా" అని మా ఆవిడతో చెప్పి లోపలికొచ్చాను. అబద్ధమేం కాదు. పట్టీ సంగతే కదా మాట్లాడుతున్నా?

మీరు నన్నెప్పుడూ సరిగ్గా చూసి ఉండరు. రెండేళ్ల నుంచి వస్తున్నా. ఆ గుమ్మం పక్కన, అద్దం మొదలయ్యే చోట, గోడకానుకుని నిలబడే మనిషిని నేనే. మాట్లాడేది మా ఆవిడ. మీరు చెప్పింది వినేదీ ఆవిడే, మాట పడేదీ ఆవిడే. నేను సంచి పట్టుకుంటాను.

ఈ సంచి కాదు, ఇది వేరే. ఇందులో కత్తి ఉందని గేటు దగ్గర ఆపేశాడు మీ కాపలా అతను. "తోలు కోసుకునే కత్తి బాబూ, మనుషుల్ని కోసేది కాదు" అని అతని బూటు ఊడిన చోట రెండు కుట్లు వేస్తే గానీ వదల్లేదు.

చెప్పులు కుట్టేవాణ్ణండీ. ఒకప్పుడు రోడ్డు పక్కన గొడుగేసుకుని కూర్చునేవాణ్ణి, అందులో సిగ్గేం లేదు. ఇప్పుడు ఇంటి ముందుగదే కొట్టు. కొత్తవి కుడతా, పాతవి బాగుచేస్తా. ఇరవై రెండేళ్లయింది. మనుషుల మొహాలు గుర్తుండవు గానీ నడకలు గుర్తుంటాయి. జోడు తిరగేసి చూస్తే చాలు, ఎవరు ఏ కాలి మీద బరువేస్తారో చెప్పేస్తా. మీ చెప్పుల్లో ఎడమది బయటివైపు అరిగింది, ఇందాకే చూశా. నవ్వకండి. సాయంత్రానికి నడుం పట్టేస్తుందా లేదా? చూశారా మరి!

ఆ చూపుంది కాబట్టే మా పిట్ట సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. అప్పటికి దానికి అయిదేళ్లు. బడికి కొన్న నల్లబూట్లు మూడు నెలలకే వేళ్ల దగ్గర అరిగిపోయి లోపలి అట్ట బయటపడింది. మడమ దగ్గరో? కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. మట్టి కూడా అంటలేదు. అంటే పిల్ల మునివేళ్ల మీద నడుస్తోందన్నమాట. తెలిసి ఏం చేశాను? ముందువైపు రబ్బరుముక్క అతికించి ఊరుకున్నా. చిన్నపిల్ల, గెంతుతోందిలే అనుకున్నా.

ఆర్నెల్ల తర్వాత అది మెట్లెక్కలేక చేతులతో మోకాళ్లు నొక్కుకుంటుంటే వాళ్లమ్మ చూసింది. చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. అక్కణ్ణుంచి ఏడాదికి పైగా రక్తపరీక్షలు, సూదులు, కాగితాలు. ఆఖరికి జబ్బుకి పేరు తేలింది. ఇంత పొడుగు పేరు. మా ఆవిడ గడగడా చెప్తుంది, నాకిప్పటికీ నోరు తిరగదు. పుట్టుకతోనే కండల్లో బలం తక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గొచ్చు, అంతవరకే నా బుర్రకెక్కింది.

అందువల్లే మడమ వెనక నరం బిగుసుకుంటోందన్నారు. నరమంటే మీకు నవ్వొస్తుంది. "నరం కాదండీ, పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు" అని మొదటి రోజే చెప్పారు మీరు. మాకు చేతికి తాడులా తగిలేదంతా నరమేనండీ.

దాన్ని సాగదీయడం మా ఆవిడకి నేర్పింది మీరే. ఇదే బల్ల మీద. మడమని అరచేతిలో ఇలా గిన్నెలా పట్టుకుని, పాదం మొత్తం మోచేతి వైపుకి ఆనించి, మెల్లగా పైకి. ముప్పై లెక్కపెట్టేదాకా వదలకూడదు. ఒక్కో కాలికి పదిసార్లు. పొద్దునా, సాయంత్రమూ. నిద్రపోయేటప్పుడు స్ప్లింటు. ఇంకో మాట కూడా చెప్పారు, మీకు గుర్తుందో లేదో. "ఎత్తు మడమ ఉన్న బూట్లు మాత్రం వేయకండమ్మా" అన్నారు.

గుర్తుందా? నాకూ గుర్తుందండీ. అదే వచ్చిన చిక్కు.

దానికి ఏడేళ్లప్పుడు బళ్లో పేరు పెట్టారు. "హీల్సు మేడం". మడమ నేలకి ఆనదు కదా, హీల్సు వేసుకున్న ఆడవాళ్లలా నడుస్తుందని. పిల్లలు మునివేళ్ల మీద లేచి దాని వెనకాల వరసగా నడిచేవాళ్లట. మా పిట్ట ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు నేనే తొందరగా తీసుకురావడానికి వెళ్లి, బడి గేటు ఊచల్లోంచి చూశా. ముందు నా కూతురు, వెనక ఆరుగురు. అది వెనక్కి తిరిగి చూడట్లేదు. గోడ వైపు మొహం పెట్టి, ఏదో పనున్నదానిలా గబగబా నడుస్తోంది.

ఇంటికొచ్చాక బూట్లు విప్పుతున్నా. "నాన్నా, అందరి చెప్పులూ బాగుచేస్తావు కదా, నా నడక బాగుచెయ్యవా?" అంది.

ఏం చెప్తారండీ? మీరైతే ఏం చెప్తారు?

నేను కొలత తీసుకున్నాను. నాలుగు రోజులు కూర్చున్నా ఆ జత ముందు. నా చేతిమీదుగా అంత మంచి జత ఇంకోటి రాలేదు, పెళ్లికొడుకులకి కుట్టినవి కూడా దాని ముందు దిగదుడుపే. బయటికి చూస్తే చదును సోలు, మామూలు బడి బూటు. లోపల, అడుగున వేసే తోలు కింద, మడమ దగ్గర కార్కు చెక్క. వెనక ఎత్తుగా, ముందుకొచ్చేసరికి పలచబడి కలిసిపోయేలా చెక్కాను. పాదం పైకి లేచినట్టు కనబడకుండా బూటు వెనకవైపు గోడ కూడా అంతే ఎత్తు పెంచాను. మీరు చేత్తో తడిమినా తెలియదు. మడమ గాల్లో ఉండాల్సిన చోట ఇప్పుడు కార్కు ఉంది, అంతే.

తొడిగాను. కొట్టులో గచ్చు మీద నిలబెట్టాను. నాలుగడుగులు వేసింది. టక్, టక్, టక్, టక్. ఆగిపోయి కిందికి చూసింది. "నాన్నా, నా మడమ చప్పుడవుతోంది!" అంది. ఆ చప్పుడు అది ఎప్పుడూ వినలేదు మేడమ్. ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి ఇరవైసార్లు తిరిగింది. నేను ఆరె పట్టుకుని, తోలుకి బెజ్జం వేస్తున్నట్టు తల వంచుకుని ఏడ్చాను. సంతోషంతోనే లెండి.

"అమ్మకి చెప్పనా?" అంది.

"వద్దులే. మనిద్దరికే తెలియాలి" అన్నా.

అదిగో, ఇప్పుడు తలెత్తారు మీరు. ఆగండి. పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో ఆపేస్తే మళ్లీ నాకు నోరు పెగలదు.

మొదట్లో మంచే జరిగిందనిపించింది. హీల్సు మేడం అనే పేరు పోయింది. తాళ్లాటలో తాడు తిప్పడానికి పిలిచారట, గెంతడానికి కాదు, తిప్పడానికే, అదే దానికి పెద్ద పదవి. బూట్లు ఎప్పుడూ నేనే తొడిగేవాణ్ణి. చెప్పులు కుట్టేవాడి కూతురు కదా, ఎవరూ వింతగా చూడలేదు.

ఇంట్లో వట్టికాళ్లతో ఉన్నప్పుడు మాత్రం మునివేళ్ల మీదే. ఇంకా పైకి. మా ఆవిడకి అర్థమయ్యేది కాదు. "బయట చక్కగా మడమ ఆనిస్తుంది, ఇంట్లోకి రాగానే ఇదేం రోగం? నా దగ్గర గారం పోతోందా?" అని దాన్ని కసిరేది. ఒకసారి చేత్తో చిన్నగా కొట్టింది కూడా. పిట్ట నా వైపు చూసింది. నేనేమో నిమ్మకు నీరెత్తినట్టు మేకులు ఏరుకుంటున్నా.

కొన్నాళ్లకి బూటులో కూడా మడమ లేవడం మొదలైంది. టక్ అనే చప్పుడు తగ్గింది. నా చెవికి వెంటనే తెలిసింది. అప్పుడు ఏం చేయాలి? బుద్ధున్నవాడైతే మీ దగ్గరికి రావాలి. నేను ఇంకో పొర అతికించాను.

అలా నాలుగు నెలలకోసారి, అయిదు నెలలకోసారి. చప్పుడు తగ్గడం, పొర పెంచడం. పాదం పెరిగి కొత్త జత కుట్టినప్పుడు పాత జతలోంచి ఆ చెక్కలు ఊడదీసి ఇందులో అతికించేవాణ్ణి, కొలత మారకుండా.

మా ఇంట్లో ముందుగదికీ వెనకగదికీ మధ్య ఒక్క చెక్కగోడే అడ్డం. దానికి అవతల మా ఆవిడ లెక్కపెట్టేది. "ఒకటి, రెండు, మూడు..." ముప్పై దాకా. మళ్లీ ఒకటి. బట్టల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసి వచ్చిన మనిషండీ. కాళ్లు వాచిపోయి ఉండేవి. కూలబడి పిల్ల పాదం ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టేది. పిట్ట నొప్పికి మూలిగితే పాటలాగా సాగదీసి లెక్కపెట్టేది. గోడకి ఇవతల నేను కత్తితో కార్కు చెక్కుతూ ఉండేవాణ్ణి. "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అని వినబడుతూనే ఉండేది.

ఆవిడ పూటకి పది నిమిషాలు లాగేది. నా బూటు రోజంతా ఆ నరాన్ని పొట్టిగానే ఉంచేది.

అప్పుడు తెలియదా అంటే... తెలుసునండీ. తోలు పనివాణ్ణి, నాకు తెలియదా? తడిపిన తోలుని మడిచి ఆరబెడితే ఆ మడతలోనే గట్టిపడిపోతుంది. ఎన్నిసార్లు చూశాను! తెలుసు. ఆ టక్ టక్ మని చప్పుడు వినబడుతున్నంతసేపూ తెలియనట్టుండేవాణ్ణి.

కిందటేడు మీరు పిట్టని ఆ వరండాలో నడిపించి చూశారు. బూట్లతోనే. "పర్లేదే, మడమ బాగా ఆనుతోందే!" అన్నారు. నేను గాలిలో తేలిపోయాను. నా పనితనాన్ని ఇంత చదువుకున్నావిడ మెచ్చుకుంది అనుకున్నా. చూడండి నా బుద్ధి! ఆ తర్వాత బూట్లు విప్పించి, కోణాలు కొలిచే ఆ ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూశారు. మీ మొహం మారిపోయింది. మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, బూట్లతో అలా నడిచే పిల్లకి వట్టికాళ్లతో ఇంత బిగుతేంటి? ఇంట్లో అసలు సాగదీస్తున్నారా?" అన్నారు.

"రోజూ రెండుపూటలా చేస్తున్నానండీ."

"చేస్తే ఇలా ఉండదమ్మా. పిల్ల భవిష్యత్తు ఇది."

మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు నేను. మీరు చూసింది మీరన్నారు. మా ఆవిడ ఏడవలేదు. "ఇంకొకసారి చూపిస్తారా, నా పట్టులోనే తేడా ఉందేమో" అంది. మీరు చూపించారు. ఆవిడ మీ చేతిమీద చెయ్యి పెట్టి నేర్చుకుంది, మళ్లీ ఒకటో తరగతిలో చేరినదానిలా. నేను అద్దం పక్కన తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. పిట్ట బూట్లు నా చేతిలోనే ఉన్నాయి, రెండూ.

బస్సులో ఆవిడ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "నా చేతుల్లో బలం చాలట్లేదేమోనండీ. మీ చేతులు గట్టివి కదా, మీరు లాగుతారా?" అంది. నేనేమన్నానో తెలుసా? "నా చేతులు గరుకు, పాపకి గుచ్చుకుంటాయి" అన్నా. నిజమే అనుకుంది. మర్నాడు వెళ్లి ఫ్యాక్టరీలో పని సగం పూటకి మార్చుకుంది, మధ్యాహ్నం కూడా ఇంకో విడత లాగొచ్చని.

అప్పుడైనా చెప్పొచ్చుగా అంటారు. అనండి. అప్పటికే రెండు పొరలున్నాయి. ఒక్క పొర ఉన్నప్పుడు చెప్పనిది రెండున్నప్పుడు ఎలా చెప్పను? ముఖం చెల్లలేదు. తీసేద్దామనీ చూశా. ఒకరోజు అన్నీ ఊడదీసి తొడిగితే అది రెండడుగులు వేసి ముందుకి తూలి పడింది. గడ్డం చీరుకుంది. "మెట్ల మీద పడ్డా" అని వాళ్లమ్మకి చెప్పింది. నేను నేర్పలేదండీ ఆ మాట. తనంతట తనే చెప్పింది. మర్నాడు ఇంకోటి కూడా కలిపి అతికించా.

పోయిన వారం పెద్ద డాక్టరు గారి దగ్గరికెళ్లినప్పుడు మీరు లేరు. ఆయన పాపం మంచివాడే. ఓపిగ్గా చెప్పాడు. చేత్తో సాగదీయడం ఒకటి, స్ప్లింటు ఒకటి, వారంవారం మారుస్తూ పాదాన్ని కొంచెం కొంచెం పైకి తెచ్చే పిండికట్లు ఒకటి, ఆఖరికి నరాన్ని కోసి పొడుగు చేసే ఆపరేషన్. "వీటిల్లో ఏది ఖాయంగా పనిచేస్తుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇలాంటి జబ్బున్న పిల్లల మీద జరిగిన పరిశీలనలే తక్కువ" అన్నాడు. అంత పెద్దాయనే తెలియదనేశాడు.

"ముందు పిండికట్లు వేసి చూడొచ్చా?" అని మా ఆవిడే అడిగింది.

ఆయన ఫైలు తిరగేశాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు. "కట్లు విప్పాక ఇంట్లో చూసుకోవడం ముఖ్యం. రోజూ సాగదీయాలి. ఇక్కడేమో ఇంట్లో చేయించడం లేదని రాసి ఉంది. అలాంటప్పుడు కట్లు వేసి లాభం లేదు. సోమవారం ఆపరేషన్ పెట్టుకుందాం" అన్నాడు.

మీ చేతిరాతే మేడమ్ అది.

ఆపరేషన్‌లో ఉన్న ప్రమాదం కూడా చెప్పాడు. పిట్టకి తొడల్లో బలం తక్కువ కదా. మునివేళ్ల మీద నిలబడటం వల్లే దాని మోకాళ్లు మడతపడకుండా ఆగుతున్నాయట. నరం ఏమాత్రం ఎక్కువ వదులైనా మోకాళ్లు నిలవవట. "మళ్లీ నడవకపోవచ్చు కూడా, అది మీకు తెలిసి ఉండాలి" అన్నాడు. అదంతా తెలిసే మా ఆవిడ సంతకం పెట్టింది. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఒకే ఒక్క మాట అంది. "నా చేతులారా చేసుకున్నాను" అంది.

నా చేతులారా! వింటున్నారా?

నేను అప్పుడు కూడా చెప్పలేదు. సంచి పట్టుకుని నిలబడ్డాను. "ఊరుకో, ఊరుకో" అన్నా. అంతే అన్నా.

ఇవాళ పొద్దున కొట్టులో పిట్టకి బూట్లు తొడుగుతున్నా. వాళ్లమ్మ లోపల చీర మార్చుకుంటోంది. పిట్ట నా భుజం మీద చెయ్యేసి నిలబడి, చెవి దగ్గరికి వంగింది. "నాన్నా, ఆపరేషన్ అయిపోతే అమ్మని ఇంకెవరూ తిట్టరు కదా?" అంది.

"తిట్టరమ్మా" అన్నా.

"అయితే చేయించుకుంటాలే. బూటు సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దు నాన్నా. నిన్ను తిడతారు" అంది.

...

నీళ్లున్నాయా? ఆ... చాలు చాలు.

తొమ్మిదేళ్లండీ దానికి. ఇద్దర్నీ కాస్తోంది. వాళ్లమ్మని తిట్లు పడకుండా ఒక కాలితో, నన్ను పడకుండా ఒక కాలితో. నేను తండ్రినా? నిలువెత్తు మనిషినై ఉండి ఆ పిల్ల మడమ చాటున దాక్కున్నాను.

ఇదిగోండి బూటు. ఎడమది. కుడిది కూడా ఉంది సంచిలో. వెంటనే విప్పేసి పాత చెప్పులు తొడిగి తీసుకొచ్చా, వాళ్లమ్మ అడిగితే బూటు కుట్టు ఊడిందన్నా. చూడండి, లోపలికి చెయ్యి పెట్టండి. తెలిసిందా? తెలియదు. నేను చెప్పానుగా. ఈ తోలు లేపాలి. కత్తి ఇలా... జాగ్రత్త, మీరు దూరం జరగండి.

ఇది అయిదోది. మొన్న వేసవిలో అతికించింది, గమ్ము రంగు ఇంకా మారలేదు. ఇది నాలుగోది, గడ్డం చీరుకున్న మర్నాడు. ఇది... మీరు మా ఆవిడని అడిగిన వారానికి. అవునండీ, ఆ తర్వాత వారమే! ఇది రెండోది. ఇదిగో ఇది మొట్టమొదటిది, అరిగి నల్లబడింది, దాని మడమ గుంట దీని మీద అచ్చుపడి ఉంది చూడండి. అన్నీ కలిపితే నా బొటనవేలంత మందం.

తిట్టండి. మా ఆవిడని అన్నదానికి పదింతలు అనండి.

ఏంటీ? మీరే పెడతారా? కొంతమంది పిల్లలకి మడమ కింద ఎత్తు మీరే పెట్టిస్తారా? మరి అప్పుడు వద్దన్నారు... ఆ, అప్పటికింకా సాగుతోంది కాబట్టి. సాగనంత మటుకు ఎత్తు పెట్టి, మిగతాది కట్లతోనో చేతులతోనో సాగదీస్తూ, కొలుచుకుంటూ, నెలనెలా తగ్గించుకుంటూ వస్తారు. అర్థమైంది.

తగ్గించుకుంటూ!

అంటే ఈ చెక్కే మీ చేతిలో ఉంటే వైద్యమన్నమాట. నా దగ్గర పనితనం ఉంది, మీ దగ్గర కొలత ఉంది. మధ్యలో ఒక్క మాట చెబితే సరిపోయేది. రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను, పిల్ల చేత కూడా మూయించాను.

ఆ మాట అనకండి. "జబ్బు వల్ల ఎలాగూ బిగిసేదేమో" అనకండి. మీరు మంచితనం కొద్దీ అంటున్నారు గానీ, దాన్ని పట్టుకుని నేను ఇంటికెళ్లి హాయిగా పడుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. బూటు వల్ల ఎంత, జబ్బు వల్ల ఎంత, ఎవరూ చెప్పలేరంటారా? సరే, చెప్పలేకపోతే పోనీండి. ఒక్కటి చెప్పండి. మా ఆవిడ చేతుల వల్ల కాదని చెప్పగలరా? అది ఖాయమేనా? పైగా ఆవిడ రోజూ లాగబట్టే ఇంతటితో ఆగింది, లేకపోతే ఇంకా బిగిసిపోయేదంటారా?

ఆ మాట కావాలండీ నాకు. ఆ మాట కాగితం మీద కావాలి. ఫైలు తీయండి. ఆ వాక్యం కొట్టేయండి. కింద నా పేరు రాయండి, "తండ్రి బూటులో చెక్క పెట్టాడు" అని రాయండి. ఇంకా గట్టిగా రాసుకున్నా ఫర్వాలేదు. పెద్ద డాక్టరు గారికి ఇవాళే చూపించండి. ఇవాళ శుక్రవారం, సోమవారానికి ఎన్నో గంటల్లేవు. ముందు కట్లు వేసి చూడమనండి. ఆ తర్వాత కూడా కోయాల్సి వస్తే కోయనీండి, నిజం తెలుసుకుని కోయనీండి. ఆ తల్లి చేయట్లేదని మాత్రం కోయొద్దు.

ఫోన్ చేస్తున్నారా? చేయండి, చేయండి. నేను మాట్లాడను.

...

ఒప్పుకున్నారా? సోమవారం ఆపి, మళ్లీ చూస్తానన్నారా? ఖాయంగా కట్లే అని మాటివ్వలేనన్నారా. చాలు. చూస్తానన్నారు కదా, చాలు.

ఆవిడకి మీరు చెప్పొద్దు మేడమ్. నేను లోపలికొచ్చింది అందుకే, మీ చేత చెప్పించి తప్పించుకుందామనే. ఇప్పుడు వద్దు. నేనే చెప్తా. తర్వాత ఆవిడ నాతో మాట్లాడుతుందో లేదో. పదమూడేళ్ల కాపురంలో ఎదురు మాట అనలేదు నన్ను. ఇవాళ అంటే బాగుణ్ణు. అనకపోతేనే కష్టం.

అదుగో, తలుపు సందులోంచి కనబడుతోంది. బెంచీ మీద కూర్చుని కూడా ఖాళీగా ఉండదు చూశారా? పిట్ట పాదం ఒళ్లో పెట్టుకుని లాగుతోంది. పెదాలు కదులుతున్నాయి.

పూర్తి కానివ్వండి. ముప్పై అయ్యాక పిలుస్తా.

...

ఇదిగో! ఇలా రా. పాపని అక్కడే కూర్చోనీ, నువ్వు రా. లోపలికి రా, మేడమ్ ఏమీ అనరు. కూర్చో. నా మొహం చూడకు, ఇటు చూడు. ఇది పాప బూటు. ఇందులోంచి తీశాను ఇవన్నీ. పట్టుకో. నీకు లెక్క అలవాటే కదా, లెక్కపెట్టు. ముప్పై దాకా అక్కర్లేదు. అయిదే.